కుక్కకు ఓరిమి నేర్పిన పావ్లోవ్

శునకాన్ని బంగారు సింహాసనం మీద కూర్చుండబెట్టి పట్టం కట్టినా దాని వెనుకటి గుణం మారదని సుమతీ శతకకారుడు చెప్పిన మాట తెలుగునాట పసిపిల్లలకు కూడా తెలిసినదే. కుక్క తోక వంకర అన్న సామెత అంతకన్న ప్రసిద్ధం. మనుష్యుల నైజాన్ని నిందించడానికి కవులు కుక్కను ఉపమానంగా తెచ్చుకొన్నారే కాని, కుక్క స్వభావాన్ని పరీక్షించి చూడడం వారి పని కాదు. ఆ పరీక్షకు తన జీవితంలో సగభాగాన్ని ధారపోసినవాడు రష్యా దేశీయుడైన ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్. గంట మ్రోగగానే కుక్కకు నోరూరునట్లు చేసిన శాస్త్రజ్ఞుడుగా ఆయన పేరు మన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో చదివినవారందరికీ పరిచితం. కాని గంటకు నోరూరించడం ఆయన కృషిలో సులభమైన సగం మాత్రమే. ఎగిరి గంతులు వేయమని నరాలన్నీ తొందరపెడుతున్నప్పుడు నిలిచి వేచి ఉండడం కుక్క ఎట్లా నేర్చుకొంటుంది, ఎప్పుడు నేర్చుకోలేక భంగపడుతుంది అన్నది రెండవ సగం. తరగతిలో నిలకడలేని పిల్లవానితో వేగే ఉపాధ్యాయునికి పనికివచ్చేది ఈ రెండవ సగమే. విచిత్రమేమంటే, ఓరిమిని గురించి ఇంత తెలుసుకొన్న ఆ మహనీయుడు స్వయంగా పరమ కోపిష్ఠి.

పావ్లోవ్ 1849 సెప్టెంబరు 26వ తేదీన మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న ర్యజాన్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి ప్యోత్ర్ ద్మీత్రియెవిచ్ అక్కడి చర్చిలో పురోహితుడు. తల్లి వర్వారా ఇవానోవ్నా. పెద్ద సంసారంలో ఆయన జ్యేష్ఠపుత్రుడు. బాల్యంలోనే ఎత్తైన చోటినుండి రాతినేల మీద పడి, చాలాకాలం జబ్బుపడినాడు. ఆ కారణంచేత పదకొండవ ఏట గాని బడిలో చేరలేదు. సమీపంలోని మఠానికి అధిపతి అయిన ఆయన జ్ఞానపిత పిల్లవానిని తన వద్ద ఉంచుకొని, వ్యాయామం చేయించి, పుస్తకాలు చదివించి మనిషిని చేసినాడు. క్రమబద్ధమైన దినచర్య, శరీరశ్రమ, పనిలో కాలనియమం ఆయనకు జీవితాంతం ఊపిరిగా నిలిచినవి. కర్రను విసిరి కొయ్యముక్కలను పడగొట్టే గొరోద్కీ అనే రష్యన్ ఆటను వృద్ధాప్యంలో సైతం యువకులతో పంతంపట్టి ఆడేవాడు. పంతం, తొందర, పట్టుదల మూడూ ఆయనకు పుట్టుకతో వచ్చినవే.

తండ్రివలె పురోహితుడు కావలసిన ఆ యువకుడు ర్యజాన్‌లోని వేదాంత పాఠశాలలో చదువుతూనే, సేచెనోవ్ అనే శాస్త్రజ్ఞుడు 1863లో మెదడు ప్రతిచర్యలను గురించి వ్రాసిన గ్రంథాన్ని చదివినాడు. మనస్సు వ్యాపారాలను కూడా నరాల పనిగా పరిశీలించవచ్చునన్న ఆ భావం ఆయనను వదలలేదు. ఆ గ్రంథంలో మరొక ముఖ్యవిషయం కలదు: మెదడు కదలికను పుట్టించడమే కాదు, కదలికను ఆపగలదు కూడా. ఆపడం అంటే ఏ పనీ లేకపోవడం కాదు. ఆపడమే ఒక పని. ఈ బీజం పావ్లోవ్ మనస్సులో ఎన్నో ఏండ్లు నిద్రించి, తరువాత మహావృక్షమైనది.

1870లో ఆయన పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి 1875లో పట్టభద్రుడైనాడు. పిమ్మట సైనిక వైద్య విద్యాలయంలో చదివి 1879లో వైద్యుడైనాడు. 1881లో సెరాఫీమా వసీల్యెవ్నా అనే విద్యావతిని పెండ్లాడినాడు. తరువాత కొన్నేండ్లు కటిక దారిద్ర్యం. మొదటి బిడ్డ పసితనంలోనే మరణించినాడు. గుండె నరాలను గురించి వ్రాసిన సిద్ధాంతవ్యాసానికి 1883లో డాక్టరు పట్టం వచ్చినా ఇంటి ఇబ్బంది తీరలేదు. జర్మనీలో రెండేండ్లు గొప్ప శరీరశాస్త్రజ్ఞుల వద్ద పనిచేసి వచ్చిన తరువాత, 1890లో సైనిక వైద్య విద్యాలయంలో ఆచార్యపదవి లభించినది. 1891లో ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరశాస్త్ర విభాగాన్ని నెలకొల్పినాడు. ఆయన కుక్కల కథ ఇక్కడనే మొదలైనది.

జీర్ణక్రియను తెలుసుకోవడానికి ఆనాటి శాస్త్రజ్ఞులు జంతువును మత్తులో కోసి చూసేవారు. ప్రాణం పోతున్న జంతువులో సహజమైన జీర్ణక్రియ కనిపించదని పావ్లోవ్ అభ్యంతరం. అందుచేత కుక్కకు శస్త్రచికిత్స చేసి, గాయం మాన్పి, అది ఆరోగ్యంగా తిని తిరుగుతుండగా నెలల తరబడి, ఏండ్ల తరబడి పరిశీలించే పద్ధతి ఏర్పరచినాడు. కుక్కలకు మనుష్యుల ఆసుపత్రులలో వలె శుభ్రమైన శస్త్రశాలను, కోలుకొనేందుకు వేరు గదులను కట్టించినాడు. ఈ పరిశోధనల సారాన్ని 1897లో గ్రంథంగా ప్రకటించినాడు. 1904లో దానికే నోబెల్ బహుమానం వచ్చినది. రష్యా దేశీయులలో ఆ బహుమానం మొదట అందుకొన్నవాడు ఆయనే.

ఈ పనిలో ఆయనకు అడ్డుతగిలిన ఒక చిన్న విషయమే తరువాతి మూడు దశాబ్దాలకు దారి చూపినది. ఆహారం నోట పడకముందే కుక్కకు లాలాజలం ఊరుతున్నది. గిన్నె కనబడినా, తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడు వినబడినా ఊరుతున్నది. లెక్కలను చెడగొట్టే ఈ ఊటను విసుగుతో త్రోసివేయక, దానినే పరిశోధించవలెనని పావ్లోవ్ నిశ్చయించినాడు. ఆహారంతో సంబంధంలేని గుర్తు, ఆహారంతో పలుమారులు జతపడితే, ఆహారంవలెనే నోరూరిస్తుంది. దీనికి నిబంధిత ప్రతిచర్య అని పేరు. 1903లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో జరిగిన వైద్య మహాసభలో దీనిని లోకానికి వెల్లడించినాడు. ప్రయోగశాలలో గుర్తుగా గంటకన్న ఎక్కువగా వాడినవి తాళం వేసే మెట్రోనోము, విద్యుత్ బజరు, దీపం, చర్మాన్ని తాకే పరికరం మొదలైనవి. గంట ఒక్కటే జనశ్రుతిలో నిలిచిపోయినది.

గుర్తుకు ఉద్రేకించడం కుక్క కొద్ది దినాలలో నేర్చుకొంటుంది. మరి ఉద్రేకాన్ని అదుపుచేసుకోవడమో? ఇక్కడ పావ్లోవ్ శిష్యులు మూడు విధాల పరీక్షలు జరిపినారు. మొదటిది, గుర్తు ఇచ్చి ఆహారం పెట్టకుండా ఉండడం. పలుమారులు ఇట్లా జరిగితే కుక్కకు నోరూరడం ఆగిపోతుంది. కాని మరునాడు అదే గుర్తుకు మళ్ళీ ఊరుతుంది. అనగా పాత పాఠం చెరిగిపోలేదు. దానిపై క్రొత్త అదుపు ఒకటి వచ్చి కూర్చున్నది. రెండవది, రెండు దగ్గరి గుర్తులలో ఒకదానికి ఆహారం పెట్టి, రెండవదానికి పెట్టకపోవడం. కుక్క క్రమంగా మొదటిదానికి ఉత్సాహపడి, రెండవదానికి మిన్నకుంటుంది. మూడవది వేచి ఉండడం. గుర్తు మొదలైన వెంటనే కాక, రెండు మూడు నిమిషాలు గడిచిన తరువాత ఆహారం పెడతారు. మొదట కుక్క గుర్తు వినగానే తొందరపడుతుంది. వ్యవధిని కొంచెం కొంచెంగా పొడిగిస్తూ పోతే, మొదటి నిమిషాలలో చుక్క లాలాజలమైనా రాకుండా నిలిచి, ఆహారవేళ సమీపించినప్పుడే నోరూరించుకొంటుంది.

ఈ వేచి ఉండడాన్ని ఆయన శూన్యంగా భావించలేదు. ఆ మొదటి నిమిషాలలో ఏదైనా క్రొత్త చప్పుడు వినబడితే, అంతవరకు నిగ్రహించుకొన్న కుక్కకు తటాలున నోరూరడం చూసినాడు. ఆనకట్ట వెనుక నీరువలె ఉద్రేకం అక్కడనే ఉన్నది. దానిని ఆపి ఉంచే బలం ఒకటి ప్రక్కనే పనిచేస్తున్నది. ఆ బలానికి ఆయన నిరోధం అని పేరు పెట్టినాడు. పుట్టుకతో వచ్చేది కొంత ఉన్నా, ఈ నిరోధం చాలవరకు అభ్యాసంచేత పెరిగేది. అంతేకాదు, అది ఉద్రేకంకన్న సుకుమారమైనది. గదిలో ఈగ తిరిగినా, అపరిచితుడు తొంగిచూసినా, ముందుగా చెడేది క్రొత్తగా నేర్చుకొన్న ఓరిమియే. ఈ కారణంచేత పావ్లోవ్ 1910లో మొదలుపెట్టి ఒక ప్రత్యేక భవనాన్ని నిర్మింపజేసినాడు. దానికి నిశ్శబ్ద గోపురం అని పేరు వచ్చినది. మందమైన గోడలు, వీధి అదురు లోపలికి రాకుండ చుట్టూ కందకం, కుక్కకు కనబడకుండ బయటినుండి పనిచేసేందుకు వేరు గది. ఓరిమి నేర్పవలెనంటే మొదట నేర్పే చోటు ప్రశాంతంగా ఉండవలెనన్న తెలివి ఆ గోడలలో ఉన్నది.

కుక్కలన్నీ ఒక్కతీరుగా ఉండవని ఆయన త్వరలోనే తెలుసుకొన్నాడు. ఒకసారి ఆయన వద్దకు వచ్చిన కుక్క కొయ్యచట్రంలో క్షణమైనా నిలువలేదు. పట్టీలు కట్టగానే పెనుగులాడేది, నేలను గీరేది, చట్రాన్ని కొరికేది, రొప్పేది, ఎడతెగకుండ చొంగ కార్చేది. ఇతర సమయాలలో అది సాధువైనదే. వారాలు గడిచినా ఈ అలజడి తగ్గలేదు. దెబ్బలు కొట్టి లొంగదీయడం సులభంగా తోచే మార్గం. పావ్లోవ్, ఆయన సహాయకుడు గూబెర్‌గ్రిట్స్ మరొక మార్గం త్రొక్కినారు. ఈ పెనుగులాట దుర్గుణం కాదు, కట్టుబడిని సహించలేని స్వేచ్ఛాప్రవృత్తి. అది ప్రాణికి సహజంగా ఉండే ప్రతిచర్యలలో ఒకటి అని గుర్తించినారు. పిమ్మట దానికి చట్రంలో తప్ప మరెక్కడా ఆహారం పెట్టకుండ కట్టడి చేసినారు. మొదట అది సరిగా తినలేదు, బాగా చిక్కిపోయినది. క్రమంగా కొంచెం కొంచెం తినసాగినది. తిన్నకొలది పెనుగులాట తగ్గినది. నెలల తరువాత నిశ్చలంగా నిలిచి, తన భాగమంతా తినగలిగినది. ఆకలిచేత సాధించిన ఈ పద్ధతి నేటి కుక్కల శిక్షకులు మెచ్చేది కాదు. కాని శిక్షను విడిచి, భయంగొలిపే చోటును తిండి దొరికే చోటుగా మార్చడం అన్న మూలసూత్రం నేటికీ నిలిచి ఉన్నది. ఈ పరిశోధనను ఆయన 1917లో వెల్లడించినాడు. రష్యా అంతా సంకెళ్ళు తెంచుకొంటూ తల్లక్రిందులైన సంవత్సరమది.

ఓరిమిని నేర్పవచ్చును, అయితే దానికి హద్దు ఉన్నదా? ఉన్నదని చెప్పినది షెంగర్-క్రెస్తోవ్నికోవా అనే శిష్యురాలి ప్రయోగం. ఆమె ఒక కుక్కకు తెరపై వృత్తాన్ని చూపి ఆహారం పెట్టినది. దీర్ఘవృత్తాన్ని చూపినప్పుడు పెట్టలేదు. మొదటి దీర్ఘవృత్తం పొడవు వెడల్పుకు రెండింతలు. కుక్క సులభంగా భేదం గ్రహించినది. తరువాత దీర్ఘవృత్తాన్ని మెల్లమెల్లగా వృత్తానికి దగ్గరగా తెచ్చినది. నిష్పత్తి తొమ్మిదికి ఎనిమిది అయ్యేసరికి కుక్కకు పాలుపోలేదు. మూడు వారాలు ప్రయత్నించినా పాఠం మెరుగుపడలేదు సరికదా, క్రమంగా చెడిపోయినది. అంతవరకు సాధువుగా నిలిచిన కుక్క కీచుమని అరవడం, మెలికలు తిరగడం, తనకు తగిలించిన పరికరాలను పండ్లతో పీకివేయడం మొదలుపెట్టినది. మొదటి సులభమైన భేదాన్ని కూడా మరచిపోయినది.

ఉపాధ్యాయులు మరల మరల తలచుకోదగిన ఘట్టమిది. చూసేవారికి ఆ కుక్క మొండిదిగానో, పొగరుబోతుగానో తోచవచ్చును. పావ్లోవ్‌కు అది అలసిపోయినదిగా తోచినది. ఉద్రేకం, నిరోధం ఒకే సమయంలో ఢీకొన్నప్పుడు, ఆ పోరు నరాల శక్తికి మించినదైతే, మెదడు తన సమతూకాన్ని కోల్పోతుంది అని ఆయన వివరించినాడు. విరుగుడు ఏమి? మళ్ళీ మొదటి పాఠానికి తిరిగిపోవడం. రెండింతల పొడవున్న దీర్ఘవృత్తంతో శిష్యురాలు మరల ఆరంభించినది. ఈసారి మొదటికంటె చాలా ఎక్కువకాలం పట్టినది. కాని సులభమైన మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూండగా కుక్క క్రమంగా నెమ్మదించినది. మళ్ళీ ఆ తొమ్మిది-ఎనిమిది మెట్టుకు తెచ్చి నిలిపితే మరల భంగపడినది. శక్తికి మించిన పాఠం ఓరిమిని పెంచదు, ఉన్న ఓరిమిని తినివేస్తుంది అన్న సత్యం దీనివలన తేటతెల్లమైనది.

ఇంతటి సూక్ష్మదృష్టి గల గురువు తన శిష్యుల ఎడల మాత్రం ఓరిమి పాటించేవాడు కాదు. శస్త్రచికిత్స చేసేటప్పుడు చేతికి పరికరం ఒక్క క్షణం ఆలస్యంగా అందినా మండిపడేవాడు, కేకలు వేసేవాడు, తిట్టేవాడు. మరుక్షణంలో ఆ కోపం మరచి పనిలో మునిగేవాడు. కోపం చల్లారినంతమాత్రాన పని ఆపడం ఆయనకు తెలియదు. తిట్లు తిన్న శిష్యుడు అలిగి పని మానడం కూడా ఆయనకు అర్థమయ్యేది కాదు. ఆయనను ప్రేమించినవారందరు ఆయన కోపాన్ని కూడా భరించినారు. ఆయన ఏర్పరచుకొన్న కఠోరమైన కాలనియమం, ఏటేటా తప్పక తీసుకొనే వేసవి విశ్రాంతి, తోటపని, ఆటలు ఉద్రేకంతో నిండిన ఆ శరీరాన్ని నిలిపిన కట్టుగొయ్యలు. కుక్కల విషయంలో విశ్రాంతి విలువను ఎవరు చెప్పకుండానే గ్రహించినాడంటే, ఆ అనుభవం సొంతమే.

1917 విప్లవం, దాని వెంట వచ్చిన అంతర్యుద్ధం ఆ ప్రయోగశాలను దాదాపు చంపివేసినవి. మనుష్యులకే తిండి లేని కాలంలో కుక్కలకు తిండి ఎక్కడిది? ఎన్నో ఏండ్లు శిక్షణ పొందిన కుక్కలు ఆకలితో చచ్చినవి. డెబ్బదేండ్ల ముదుసలి అయిన పావ్లోవ్ సంస్థ ఆవరణలో కూరగాయలు పండించి ఇల్లు గడుపుకొన్నాడు. 1920లో ఆయన దేశం విడిచిపోవడానికి అనుమతి కోరినాడు. అప్పుడు లెనిన్ 1921 జనవరిలో ఆయన పరిశోధనకు కావలసిన వసతులన్నీ కల్పించవలెనని శాసనం చేసినాడు. క్రొత్త ప్రభుత్వాన్ని బాహాటంగా విమర్శిస్తూనే పావ్లోవ్ స్వదేశంలో పని సాగించినాడు.

అప్పటికి లెనిన్‌గ్రాడ్ అయిన ఆ నగరాన్ని 1924 సెప్టెంబరు 23న నేవా నది ముంచెత్తినది. కుక్కలశాలలోకి నీరు వచ్చినది. కుక్కలను నీటిలో ఈదించుకొని ఎత్తైన భవనానికి చేర్చి ప్రాణాలు కాపాడినారు. ప్రాణాలు దక్కినవి కాని, కొన్ని కుక్కలకు విద్య దక్కలేదు. గట్టిగా నేర్చుకొన్న పాఠాలు సైతం కొట్టుకొనిపోయినవి. స్పెరాన్‌స్కీ అనే సహాయకుడు పరిశీలించిన ఒక కుక్క, వరదకు ముందు చక్కగా నోరూరించుకొనే గుర్తులకు అసలు స్పందించలేదు. చట్రంలో పెట్టిన ఆహారం కూడా ముట్టలేదు. అప్పుడు ఒక చిన్న ఉపాయం పనిచేసినది. మామూలుగా ప్రయోగకర్త బయటి గదిలో ఉంటాడు. ఇప్పుడు ఆయన కుక్క ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. తెలిసిన మనిషి దగ్గర ఉన్నాడన్న ధైర్యంతో కుక్క తిరిగి తినసాగినది. పాత పాఠాలు తిరిగి వచ్చినవి. క్రమక్రమంగా మనిషి తప్పుకొన్నాడు. అంతా కుదుటపడినదని తోచిన తరువాత, ఒకనాడు తలుపు క్రిందినుండి కొంచెం నీరు గదిలోకి పారించినారు. ఆ చిన్న నీటిచారను చూసి కుక్క గడగడలాడినది; పాఠాలు మరల చెదరినవి. భయం పోయినట్లు కనబడినా లోపల దాగి ఉంటుందనీ, దానిని పోగొట్టడంలో విశ్వసనీయమైన తోడుకన్న మించిన మందు అరుదనీ ఆ వరద నేర్పినది.

ఇటువంటి పరిశీలనలనుండి పావ్లోవ్ కుక్కల స్వభావాలను నాలుగు తరగతులుగా విభజించినాడు. ప్రాచీన గ్రీకు వైద్యులు మనుష్యులకు చెప్పిన నాలుగు ప్రకృతులే వాటికి ఆధారం. ఉద్రేకం, నిరోధం రెండూ బలంగా, సమంగా ఉండి చురుకైనవి కొన్ని. సమంగా ఉండి నెమ్మదైనవి కొన్ని. రెండూ దుర్బలమైనవి కొన్ని. ఉద్రేకం మిక్కుటమై నిరోధం చాలనివి కొన్ని. మనం అదుపు లేనిదనే కుక్క ఈ కడపటి తరగతిది. అది గుర్తులకు స్పందించడం ఇతరులకన్న త్వరగా నేర్చుకొంటుంది. ఆగడం మాత్రం ఆలస్యంగా, అసంపూర్ణంగా నేర్చుకొంటుంది. దానిని మందబుద్ధి అనడం అన్యాయం. దానిలో ఒక్క సగమే పెరిగినది. రెండవ సగాన్ని పెంచవలసిన భారం నేర్పేవానిది. వ్యవధులను మెల్లగా పొడిగిస్తూ, నడుమ విశ్రాంతి ఇస్తూ, కొన్నిసార్లు బ్రోమైడు మందు తోడు చేసుకొని, అటువంటి కుక్కలలో నిరోధాన్ని బలపరచవచ్చునని పావ్లోవ్, ఆయన సహాయకురాలు పెత్రోవా చూపినారు. బ్రోమైడు మోతాదు కూడా స్వభావాన్నిబట్టి ఉండవలెను; బలమైనదానికి సరిపడే మోతాదు బలహీనమైనదానికి హాని చేస్తుంది.

స్వభావం పుట్టుకతో వచ్చేదా, పెంపకంతో వచ్చేదా? లెనిన్‌గ్రాడ్‌కు సమీపంలోని కోల్తూషీ గ్రామంలో నెలకొల్పిన పరిశోధన కేంద్రంలో విర్ఝికోవ్‌స్కీ, మయోరోవ్ అనే సహాయకులు ఈ ప్రశ్నను పరీక్షించి 1933లో ఫలితాలు ప్రకటించినారు. ఒకే తల్లి పిల్లలను రెండు భాగాలు చేసి, కొన్నిటిని పంజరాలలో, కొన్నిటిని స్వేచ్ఛగా పెంచినారు. పంజరంలో పెరిగినవి పెద్దవైన తరువాత కూడా ప్రతి చిన్న చప్పుడుకు ఉలికిపడి నేలకు అతుక్కుపోయేవి. లోకాన్ని కొంచెం కొంచెంగా చూసి అలవాటుపడవలసిన వయస్సులో ఆ అవకాశం దక్కనందున వచ్చిన పిరికితనమది. పుట్టుక సగం, పెంపకం సగం. ఆ రెండిటి కలయికయే మనకు కనబడే గుణం. సింహాసనం మీద కూర్చుండబెట్టినంతమాత్రాన గుణం మారదన్న శతకకారుని మాట నిజమే. పీఠం గుణాన్ని మార్చదు. పెంపకం మాత్రం కొంతవరకు మార్చగలదు.

ఈ జ్ఞానానికి వెల చెల్లించినవి కుక్కలే అన్న మాట దాచదగినది కాదు. అవి శస్త్రచికిత్సలకు లోనైనవి, శరీరాన రంధ్రాలతో బ్రతికినవి, కొన్ని విద్యుత్తు బాధను సహించినవి, కొన్ని బుద్ధిపూర్వకంగా కల్పించిన సంకటంలో మతి చలించి బాధపడినవి, ఎన్నో మరణించినవి. నేటి పరిశోధన సంస్థలలోని నైతిక నియమాల ముందు వాటిలో చాలా ప్రయోగాలు నిలువవు. పావ్లోవ్ దీనిని ఎరుగనివాడు కాడు. 1935లో ఆయన కోరిక మేరకు ప్రయోగాత్మక వైద్య సంస్థ తోటలో కుక్కకు ఒక శిలాస్మారకాన్ని నిలిపినారు. దాని నాలుగు ప్రక్కలా ప్రయోగశాల దృశ్యాలు చెక్కినారు. ఋణం తీరినదని చెప్పలేము. ఋణం ఉన్నదని ఒప్పుకొన్న గుర్తు అది. ఆ ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ శరీరశాస్త్ర మహాసభ ఆయన నగరంలోనే సమావేశమై ఆయనను ఘనంగా సత్కరించినది. 1936 ఫిబ్రవరి 27న, ఎనభై ఆరవ ఏట, న్యుమోనియా వలన ఆయన కన్నుమూసినాడు.

ఆయన మెదడును గురించి ఊహించిన వివరాలన్నీ నిలువలేదు. నిరోధం మెదడు పొరపై అలలవలె వ్యాపిస్తుందనీ, అది అంతటా వ్యాపించడమే నిద్ర అనీ ఆయన చెప్పిన సిద్ధాంతాన్ని తరువాతి నాడీశాస్త్రం అంగీకరించలేదు. కాని ఆయన చూసి చెప్పిన సంగతులు చెక్కుచెదరలేదు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ 1924లో, కుందేలును చూసి బెదిరే పీటర్ అనే మూడేండ్ల బాలునికి, అతడు ఇష్టమైన తిండి తింటుండగా కుందేలును దూరాన ఉంచి, దినదినం కొంచెం దగ్గరకు తెచ్చి ఆ భయం పోగొట్టినది. 1958లో జోసెఫ్ వోల్పే ఇదే మార్గాన్ని పెద్దవారి భయాలకు చికిత్సగా విస్తరించి గ్రంథం వ్రాసినాడు. నేడు ఇంటికి చుట్టం రాగానే మీదికెగిరి మొరిగే కుక్కను నెమ్మదింపజేసే శిక్షకులు అనుసరించేది కూడా ఇదే. కుక్క నెమ్మదిగా ఉండగలిగినంత దూరంలో చుట్టాన్ని నిలపడం, నెమ్మదిగా ఉన్న క్షణంలోనే తినుబండారం ఇవ్వడం, ఆ దూరాన్ని దినానికి కొంచెంగా తగ్గించడం, కుక్క మళ్ళీ ఉద్రేకపడితే తిట్టక కొట్టక ఒక మెట్టు వెనుకకు పోవడం, చాలినంత నిద్ర, నడక కల్పించడం. చూడడానికి ఇవి చిన్న ఉపాయాలు. వీని వెనుక ఒక వృత్తం, ఒక దీర్ఘవృత్తం, ఒక వరద, పేరు తెలియని వందల కుక్కల కష్టం ఉన్నవి.

కదలకుండ కూర్చోమని గద్దించినంతమాత్రాన కదలనితనం రాదు. వచ్చినా అది భయమే కాని శాంతి కాదు. శాంతి అనేది ఉత్సాహం చచ్చిపోవడం కాదని, ఉత్సాహానికి సరిజోడుగా పెరిగిన మరొక బలమని పావ్లోవ్ జీవితకృషి చెబుతున్నది. ఆ బలం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. నిశ్శబ్దమైన చోట, నమ్మిన మనిషి ప్రక్కన, శక్తికి తగిన పాఠంతో పెరుగుతుంది. మెట్టు తప్పినప్పుడు క్రింది మెట్టుకు దిగడం ఓటమి కాదు. తన కోపాన్ని తుదివరకు పూర్తిగా జయించలేకపోయిన ఒక మనిషి, మాటలురాని ప్రాణుల వద్ద కూర్చుండి దశాబ్దాల తరబడి చుక్కచుక్కగా లెక్కించి తెలుసుకొన్న విషయమిది. నేర్పేవానికి ఓరిమి చాలినప్పుడే నేర్చుకొనేదానికి ఓరిమి వస్తుంది.